చెరువు ఒడ్డున నాటిన మొక్కలు నిలవడం లేదా?

హైదరాబాద్ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) బయట 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని పట్టీ ఉండాలి. ఆ పట్టీలో మన నేల మొక్కలు నిలబడితే చెరువుకు అంతకు మించిన కాపలా లేదు. నిలబడకపోతే ఇలా చూడండి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో మొక్కలు పసుపుబారి కుళ్లిపోతున్నాయి

కారణం: జూన్‌లో ఖాళీగా కనిపించిన నేలంతా నాటేశారు. అది చెరువు శిఖం. వానలు పడితే నీళ్లు అక్కడిదాకా వస్తాయి, వేళ్లకు గాలి అందదు.

పరిష్కారం: ముందు అలుగు ఎత్తు చూడండి. చెరువు నిండి అలుగు పారే మట్టం ఒడ్డు చుట్టూ ఎక్కడ పడుతుందో ముగ్గు పోసి, ఆ తర్వాతే గుంతలు తవ్వండి. గీతకు కింద తుంగ, రెల్లు. గీత దగ్గర తెల్లమద్ది. వాగుల ఒడ్డున పెరిగే చెట్టు కాబట్టి కొన్నాళ్లు నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. ఇంకా పైన కానుగ, నేరేడు, వావిలి. వావిలిని మేకలు పెద్దగా ముట్టవు, అందుకే బయటి వరసకు అదే మంచిది. కింది వరసను మాత్రం చలికాలంలో, నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడు ఆ తడిలోనే నాటండి. మళ్లీ వానలొచ్చేలోపు వేళ్లూనుకుంటుంది.

నీళ్లు పోస్తున్నా వేసవిలో ఎండిపోతున్నాయి

గడ్డపారతో ఒక అడుగు తవ్వి చూడండి. సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు తగిలితే అది లారీలతో పోసిన బిల్డింగ్ చెత్త. మన నగరంలో ఇది చాలా ఎక్కువ, చూస్తే కడుపు మండుతుంది. దాన్ని తీయించడమే అసలు పరిష్కారం. అంతవరకు గుంత పెద్దగా తవ్వి ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపండి.

చెట్లు బతికాయి, ఒడ్డు మాత్రం కోసుకుపోతోంది

చెట్ల మధ్య నేల బోడిగా ఉంది. వాన నీటి వేగాన్ని తగ్గించేది గడ్డి. వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు వేయండి, వరసలో మొక్కకూ మొక్కకూ మధ్య జానెడులోపు దూరం చాలు. మట్టికట్ట మీదైతే గడ్డి చాలు, పెద్ద చెట్లు వద్దు. చచ్చిన వేళ్లు కుళ్లిన చోట బొరియలు పడి కట్టలోంచి నీరు ఊరుతుంది.

ఇంత చేసినా గుర్రపు డెక్క అల్లుకుంటోంది

ఎక్కడో మురుగు పైపు నేరుగా చెరువులో కలుస్తోంది. ఒడ్డు మీది గడ్డి నేల మీద పారే వాన నీటిని వడకడుతుంది, పైపులో వచ్చే మురుగు దాని చేతికే చిక్కదు. ఆ పైపు ఎక్కడుందో ఫొటోతో సహా ఫిర్యాదు చేసి, మురుగును శుద్ధి కేంద్రానికి మళ్లించేదాకా వెంటపడండి.