మొదటి గ్లైడర్ పోటీకి వెళ్ళే ముందు

చేత్తో విసిరే బాల్సా గ్లైడర్‌తో, అంటే తేలికైన బాల్సా చెక్కతో చేసిన ఇంజను లేని చిన్న విమానంతో, తొలిసారి పోటీకి దిగేవారు విసురు బలం మీదే దృష్టి పెడతారు. నా ఉద్దేశంలో ఫలితం చాలావరకు అంతకుముందు వారంలోనే, గ్లైడర్ ముక్కు బరువునూ తోకనూ సరిచేసుకునే సర్దుబాటు దగ్గరే తేలిపోతుంది.

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉన్నవారికి సంక్రాంతి నాటికి కోతలైన పొలాలు సాధనకు చాలు. అయితే వరి దుబ్బులకు తగిలితే ముక్కు విరుగుతుంది కనుక, మెత్తని గడ్డి ఉన్న చోటు చూసుకోవాలి. గాలి లేని తెల్లవారు వేళ గ్లైడర్‌ను భుజమెత్తు నుంచి, ముక్కు కొద్దిగా నేలవైపు ఉంచి, మెల్లగా వదలాలి. అది ముక్కెత్తి, వేగం తగ్గి, వాలి, మళ్ళీ లేస్తూ అలలుగా పోతుంటే ముక్కుకు చిటికెడు మైనం చేర్చాలి. నేరుగా నేలకు దిగుతుంటే కొంత తీసెయ్యాలి. అప్పటికీ లొంగకపోతే తోకరెక్క వెనుక అంచు మీద నోటి ఆవిరి ఊది, రెండు వేళ్ళ మధ్య పట్టి, కనీకనబడనంత వంచాలి. పైకి వంచితే ముక్కు లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. పోటీ ముందురోజు రాత్రి మైనమూ తోకా రెండూ మార్చి, మర్నాడు దేనివల్ల చెడిందో తెలియక నేను రెండు విసుర్లు పోగొట్టుకున్నాను.

నిదానంగా వదిలినప్పుడు కుదిరాకే బలంగా విసరాలి. కుడిచేతి వాటం వారు గ్లైడర్‌ను కుడికి వాల్చి విసురుతారు. అది కుడికి తిరుగుతూ ఎక్కి, పైన ఎడమకు ఒరిగి, ఎడమ చుట్లతో దిగేలా చూసుకోవడం పరిపాటి.

పోటీనాడు ఎన్ని విసుర్లున్నాయో, గ్లైడర్ గాలిలో నిలిచిన సమయాలు అన్నీ కలుపుతారో మేలైనవే తీసుకుంటారో ముందే అడగండి. ఎండెక్కాక పొడినేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. గద్దలు రెక్కలాడించకుండా చుట్లు కొడుతూ పైకి పోతుంటే అక్కడ ఆ గాలి ఉన్నట్లే. మీ వంతు గడువు ఉన్నంతవరకు దానికోసం ఆగడం తప్పు కాదు.

అలాంటి గాలి చిక్కితే గ్లైడర్ మైదానం దాటిపోవచ్చు. రెక్క మీద ఫోన్ నంబరు రాయండి. అది దిగిన దిక్కున ఉన్న తాటిచెట్టునో కరెంటు స్తంభాన్నో గురుతు పెట్టుకుని, చూపు తిప్పకుండా అటే నడవండి.