పదిమందీ కలిసి కుట్టే బొంత ఎక్కడ తేడా కొడుతుంది?

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు మందిమి కలిసి పాత చీరలతో గోడకి వేలాడదీసే బొంత ఒకటి కుట్టాం. తలా ఒక గడి, గడిలో ఎవరికి నచ్చిన ఎంబ్రాయిడరీ వాళ్లది, వరసకి నాలుగు గళ్ల చొప్పున మూడు వరసలు. బొంతని కప్పుకుంటారు గానీ గోడకెక్కిస్తారా అని మా అత్తయ్య నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, పాత చీర గురించి ఆవిడకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదని తర్వాత అర్థమైంది. మాకొచ్చిన తిప్పల్లో సగం సూది పట్టకముందు చేసుకున్నవే.

గళ్లు ఒకదానికొకటి కలవడం లేదు

రెండు వరసలు పక్కపక్కన పెడితే మూలలు కలవవు, లాగి కుడితే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. మేం మొదట ఎవరి టేపు తప్పని వాదించుకున్నాం. టేపులన్నీ బాగానే ఉన్నాయి. ఎంబ్రాయిడరీ గుడ్డని లోపలికి లాక్కుంటుంది: ఒత్తుగా నింపిన నెమలి ఉన్న గడి పావు అంగుళం తగ్గింది, పలచగా కాడకుట్టు వేసిన గడి తగ్గనే లేదు. పావు అంగుళమే కదా అనుకుంటే నాలుగు గళ్లు చేరేసరికి అంగుళం. అందుకని చివరికి 12 అంగుళాల గడి కావాలంటే 14 అంగుళాల ముక్క ఇవ్వండి. కుట్టడం, ఉతకడం, ఇస్త్రీ అన్నీ అయ్యాక పన్నెండున్నర అంగుళాల అట్టముక్క పెట్టి (చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది) ఒక్కరే కూర్చుని అన్నీ కత్తిరించాలి. ఒక్కరే, ఇందులో మొహమాటాలు పెట్టుకోకండి. ఇప్పటికే చిన్నగా కత్తిరించేసి ఉంటే ఆ గడి చుట్టూ చీర అంచుతో పట్టీ కుట్టి కొలతకి తెచ్చుకోవచ్చు. మేం మూడింటికి అలాగే చేశాం, చూసినవాళ్లంతా కావాలని పెట్టిన డిజైన్ అనుకున్నారు.

కుట్టు చుట్టూ ముడతలు

ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ బాగుంటుంది, తీయగానే పువ్వు చుట్టూ గుడ్డ వేయించిన అప్పడంలా వంకర తిరుగుతుంది. వెనక్కి తిప్పి చూడండి. ఒక ఆకు నుంచి రెండంగుళాల అవతల ఉన్న ఇంకో ఆకుకి దారం వీణ తీగలా బిగుసుకుని ఉంటుంది. దాన్ని మధ్యలో కత్తిరించి, రెండు కొసల్నీ పక్క కుట్ల కిందికి దూర్చేస్తే చాలా ముడత అక్కడే పోతుంది. మిగతాది మందపాటి టవల్ మీద బోర్లా వేసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే సరి. దారం మూరెడుకి మించి తీసుకోకండి. పొడుగు దారం చిక్కుపడుతుంది, చిక్కు తీద్దామని లాగుతాం, గుడ్డ ముడుచుకుంటుంది. ఆరు పోగుల దారంలో రెండో మూడో చాలు.

ఇక్కడే ఇంకో చిక్కు: వేరేవాళ్ల గడిలో కుట్టు బాలేకపోతే విప్పాలా? మాలో ఒకావిడ, పాపం మంచి ఉద్దేశంతోనే, ఇంకొకరి గొలుసుకుట్టు అడక్కుండా విప్పి మళ్లీ కుట్టింది. అసలు కుట్టినావిడ రెండు వారాలు మా వైపే రాలేదు. ఉతికితే ఊడిపోయే కుట్టయితే "అక్కా, ఇక్కడ ఇంకో వరస వేస్తావా, ఊడేలా ఉంది" అని ఆవిడ చేతికే ఇవ్వండి. ఊరికే వంకరగా ఉంటే మాత్రం వదిలేయండి, ఎవరి చెయ్యి వాళ్లది.

రంగు దిగింది

కలంకారీ అని కొన్న ముక్క నుంచి ఎరుపు దిగి, పక్కనున్న తెల్ల మంగళగిరి గుడ్డ గులాబీ రంగైపోయింది. కలంకారీ పేరుతో అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్లు బోలెడు. అప్పుడే దిగిన రంగయితే ఆశ ఉంది. ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు, పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు, డిటర్జెంట్ వేసి బొంత మొత్తం మునిగేలా గంటల తరబడి నానబెట్టి, నీళ్లు రంగు తిరిగినప్పుడల్లా మార్చండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు, నేనూ గుప్పెడు వేశాను, ఏం నిలవలేదు. అసలైతే కుట్టకముందే రంగు ముక్క మీద తడిపిన తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి చూసుకోవాలి. మరక అంటితే రంగు దిగడం ఆగేదాకా ఆ ముక్కని విడిగా ఉతకడమే, ఆగకపోతే దాన్ని పక్కన పెట్టేయడమే.

కుట్టు పక్కన గుడ్డ చిరుగుతోంది

పాత చీర అంతా ఒకేలా అరగదు. కూర్చునే చోట, మోకాళ్ల దగ్గర ఎక్కువ అరుగుతుంది. అత్తయ్య చీరని కిటికీ వెలుతురుకి పట్టి, రెండు చేతులతో టప్‌మని లాగి చూసింది. నేను పైపొరకి దాచుకున్న ముక్క పర్రున చిరిగింది. అరిగిన భాగం మధ్య పొరలోకి పెట్టండి, పైన గట్టిది వేయండి.

మిషన్ కుట్టు అడుగున దారం ఉండ కడుతోంది

అందరూ బాబిన్‌ని (అడుగు దారం చుట్టే చిన్న చక్రం) తిడతారు, చాలాసార్లు తప్పు పై దారానిది. గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్యకి పోదు. పాదం ఎత్తి, పై దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. అంతే.

వేలాడదీస్తే అంచులు అలలు అలలుగా ఉన్నాయి

బోర్డర్ పట్టీని బొంత అంచుకి ఆనించి, కుట్టుకుంటూ పోయి, మిగిలింది కత్తిరించామా, అది సాగి పొడుగైపోతుంది. బొంత నడిమధ్య అడ్డంగా, నిలువుగా కొలిచి, ఆ కొలతకే బోర్డర్ కత్తిరించి కుట్టాలి. మేకులు కూడా రెండు మూలలకీ కొడితే మధ్యలో జారుతుంది, వెనక పైఅంచు పొడవునా నాలుగంగుళాల గొట్టంలా గుడ్డ కుట్టి అందులో కర్టెన్ రాడ్ దూర్చండి. మేం రాడ్ పెట్టాం గానీ కొలవకుండా కుట్టిన ఎడమ వైపు బోర్డర్ ఇంకా విప్పలేదు, ఫ్యాన్ వేస్తే ఆ మూల ఒక్కటే ఊగుతోంది.