ఎస్ఎఫ్-86 సంతకానికి ముందే: పాత గంజాయి మాట ఎలా రాయాలి

అమెరికాలో రక్షణశాఖ కాంట్రాక్టు ఉద్యోగం ఖాయమైంది. సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) కోసం ఎస్ఎఫ్-86 అనే ప్రభుత్వ ఫారం నింపమని లింకు వచ్చింది. కాలేజీ రోజుల్లో వీడ్ తాగినవాళ్ల చెయ్యి ఆగేది డ్రగ్స్ వాడకం గురించి అడిగే సెక్షన్ 23 దగ్గరే. పక్కన అమ్మానాన్నలు కూర్చుని ఉంటే 'లేదు' అని నొక్కేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఈ ఒక్క సెక్షన్ మాత్రం ఒంటరిగా నింపండి.

ఎప్పుడో మానేసిన అలవాటుకు నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చేందుకు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న సీడ్-4 మార్గదర్శకాల్లో, డ్రగ్స్ గురించి చెప్పే గైడ్‌లైన్ హెచ్ చూడండి. వాడి ఎంతకాలమైంది, ఎన్నిసార్లు, ఏ పరిస్థితుల్లో, మళ్లీ వాడే అవకాశం ఉందా అన్నవి తూకం వేస్తారు. దాచి దొరికితే మాత్రం వ్యక్తిగత ప్రవర్తనను చూసే గైడ్‌లైన్ ఇ కింద మీ నిజాయతీ మీదే ప్రశ్న పడుతుంది. తెలిసి అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడే ఫెడరల్ నేరం కూడా. దర్యాప్తు అధికారి మీ పాత రూమ్మేటును కలిస్తే, వాళ్లు నిజమే చెబుతారు. ఈ సెక్షన్‌లో రాసిన నిజాన్ని తర్వాత క్రిమినల్ కేసులో మీ మీద సాక్ష్యంగా వాడబోమని ఫారంలోనే ఉంది.

సాధారణంగా అడిగేది గత ఏడేళ్ల సంగతి. కానీ క్లియరెన్స్ ఉండగా గానీ, పోలీసు వంటి ప్రజాభద్రత ఉద్యోగంలో ఉండగా గానీ వాడి ఉంటే ఏడేళ్ల లెక్క చెల్లదు, ఎప్పటిదైనా రాయాలి. వాడకంతో పాటు కొనడం, అమ్మడం, చేతులు మార్చడం కూడా అడుగుతారు. నలుగురూ డబ్బులు వేసుకుని గమ్మీలు (గంజాయి కలిపిన మిఠాయిలు) తెప్పించి ఉంటే, మీ వాటా ఇచ్చిన సంగతి కూడా రాయండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

జవాబు ఇలా ఉండాలి: 'మొదటిసారి 2021 అక్టోబరు, చివరిసారి 2022 మే. స్నేహితుల గదిలో, వారాంతాల్లో, మొత్తం సుమారు ఆరుసార్లు. మళ్లీ వాడను.' ఎందుకు వాడరో కూడా అడుగుతారు, మీ మాటల్లో చెప్పండి. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే అంచనా అని గుర్తుపెట్టే గడి ఉంది. 'ఒకటి రెండుసార్లు' అని తగ్గించి రాసి, ఇంటర్వ్యూలో 'పదిహేనుసార్లు' అంటే ఆ తేడాయే ముల్లవుతుంది. పంపేముందు ఒక కాపీ దాచుకోండి.

మన ఇళ్లలో ఎవరూ డ్రగ్స్ అనుకోనివి మందుబిళ్లలు. పరీక్షల ముందు ఏకాగ్రత కోసం స్నేహితుడి అడెరాల్ బిళ్ల వేసుకోవడం, ఇండియా నుంచి తెచ్చిన ట్రమడాల్ (నొప్పి మందు), ఆల్ప్రజోలామ్ (ఆందోళన తగ్గించే మందు)లను తన ప్రిస్క్రిప్షన్ లేకుండా వాడటం కూడా ఈ సెక్షన్‌లో చూసుకోవాల్సినవే.

ఫారం మీద సంతకం పెట్టిన రోజు నుంచి పూర్తిగా బంద్. మా రాష్ట్రంలో చట్టబద్ధమే అన్న వాదన పనికిరాదు, చూసేది ఫెడరల్ చట్టం. ఇప్పటికీ వాడుతున్నవాళ్లకు క్లియరెన్స్ ఇవ్వకుండా చట్టమే అడ్డుపడుతుంది. పాత గంజాయి వాడకం ఒక్కటే తీర్పును నిర్ణయించదని 2021 డిసెంబరులో జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ కార్యాలయం స్పష్టం చేసింది. అదే సూచనల్లో సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసే, మత్తివ్వని పదార్థం) ఉత్పత్తుల గురించి హెచ్చరించింది: డబ్బా మీద రాసిన దానికంటే టీహెచ్‌సీ (మత్తిచ్చే పదార్థం) ఎక్కువ ఉండి యూరిన్ టెస్టులో పాజిటివ్ రావచ్చు. గంజాయి కంపెనీల షేర్లు తెలిసి నేరుగా కొనడం కూడా ఇబ్బందే.

మానేశానని నోటితో అంటే చాలదు. ఆ స్నేహాలు, ఆ చోట్లు వదిలినట్టు చూపండి. ఇక ముట్టనని, ముట్టితే క్లియరెన్స్ రద్దుకు అది చాలని రాసి సంతకం చేసిన పత్రం కూడా మార్గదర్శకాలు గుర్తించేదే. చికిత్స తీసుకుని ఉంటే ఆ కాగితాలు జతపరచండి.

గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం. క్లియరెన్స్ ఎలాగూ పౌరులకే. కానీ గంజాయి వాడానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే, అరెస్టు లేకపోయినా పౌరసత్వ దరఖాస్తుకే ముప్పు. అక్కడ కూడా అబద్ధం చెప్పకూడదు. పౌరసత్వ దరఖాస్తు ఫారం ఎన్-400 వేయకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

ఒకవేళ అభ్యంతరాల నోటీసు వస్తే, రక్షణశాఖ కాంట్రాక్టు ఉద్యోగుల కేసుల్లో జవాబుకు గడువు అందిన రోజు నుంచి 20 రోజులు. ఒక్కో ఆరోపణకు విడిగా ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో రాసి, విచారణ కావాలంటే ఆ జవాబులోనే అడగండి.