బయోస్ జోలికి వెళ్ళేముందు: వానాకాలం చెన్నైలో పీసీ జాగ్రత్తలు

చెన్నైలో ఉండే మనవాళ్ళకు అసలు వానాకాలం అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా ఉంటుంది. దీపావళి ఆఫర్లూ, ఆడిటర్ ఆఫీసుల్లో రిటర్నుల హడావిడీ, ఈబీ కరెంటు వచ్చీపోయీ ఆడుకోవడమూ అన్నీ ఆ నెలల్లోనే. పాత పీసీకి కొత్త మదర్‌బోర్డు వేయించడం, విండోస్ 11కి మారడం, బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్ చేయడం లాంటి పనులు కూడా జనం అప్పుడే పెట్టుకుంటారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాక ఈ పనులు ఇంకా పెరిగాయి. పిల్లలు కొన్ని ఆన్‌లైన్ ఆటల కోసం సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాములనే నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయాలని తామే బయోస్‌లోకి వెళ్ళిపోతున్నారు.

ఈ పనులు మానుకోమని అనను. కానీ డిస్కు తాళం తీసే 48 అంకెలు కాగితం మీద లేకుండా, డేటా ఇంకో చోట కాపీ లేకుండా ఎవరూ బయోస్ జోలికి వెళ్ళొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఎందుకో అర్థం కావాలంటే కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు మెమరీ ఎంత, ఫ్లాపీ డ్రైవులు ఎన్ని అనేవి బోర్డు మీది చిన్న చిన్న స్విచ్‌లను పైకీ కిందికీ తోసి చెప్పాల్సి వచ్చేది. 1984లో పీసీ ఏటీ వచ్చాక ఆ వివరాలు బ్యాటరీతో బతికే సీమాస్ మెమరీలోకి మారాయి. బోర్డు మీద రూపాయి బిళ్ళలా కనిపించే సీఆర్2032 బ్యాటరీ ఆ ఏర్పాటుకు వారసురాలే. తర్వాత బయోస్ ప్రోగ్రామునే తిరగరాయగలిగే ఫ్లాష్ చిప్‌లు వచ్చాయి. సౌకర్యంతోపాటే ప్రమాదమూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ప్రపంచమంతటా పేలినప్పుడు అది హార్డ్ డిస్కుతో ఆగకుండా కొన్ని బోర్డుల్లో బయోస్ చిప్‌నే చెరిపేసింది. అలాంటి పీసీ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా రాదు.

ఇందులో మన ఊరికీ వాటా ఉంది. సుబ్రమణియన్ శంకర్ 1985లో అమెరికాలో నెలకొల్పిన అమెరికన్ మెగాట్రెండ్స్, అంటే మనం స్క్రీన్ మీద చూసే ఏఎంఐ, బయోస్‌లు రాసే పెద్ద సంస్థల్లో ఒకటి. వాళ్ళ భారతీయ శాఖ చెన్నైలోనే ఉంది.

ఇప్పటి పీసీల్లో పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంది, వాడుకలో మాత్రం బయోస్ అనే అంటున్నాం. దానితోపాటు టీపీఎం అనే భద్రతా చిప్ ఉంటుంది, కొన్నిట్లో విడిగా, చాలావాటిలో ప్రాసెసర్‌లోనే కలిసి. పీసీ ఆన్ అయిన క్షణం నుంచి విండోస్ లేచేదాకా నడిచే ముక్కల్ని ఇది కొలిచి పెట్టుకుంటుంది. అన్నీ నిన్నటిలాగే ఉంటేనే డిస్కు తాళంచెవి బయటికి ఇస్తుంది. ఏదో మారిందని దానికి తోస్తే మీ ఇంటి పీసీ అయినా సరే, నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బయోస్ అప్‌డేట్ వల్ల చాలాసార్లు ఏమీ కాదు. కానీ సెక్యూర్ బూట్‌ను మార్చినా, టీపీఎంను చెరిపినా, బోర్డు మార్చినా ఆ తెర వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండాలి. ఆ అంకెలు లేకపోతే మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ మొత్తం తిరిగినా, డిస్కు తయారుచేసిన కంపెనీకి పంపినా, ఎవరూ తెరవలేరు. తెరవలేకపోవడం కోసమే దాన్ని అలా తయారుచేశారు.

ముందు తాళంచెవి

"మా పీసీలో బిట్‌లాకర్ లేదండీ, మేమెప్పుడూ పెట్టలేదు" అని చాలామంది అంటారు. బిట్‌లాకర్ అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు. మీరు పెట్టక్కరలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11 మొదలుపెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆ తాళం తనంతట తానే పడుతుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన డెస్క్‌టాప్‌లలో కూడా ఇది ఎక్కువైంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ అన్న మాట ఉందా, ఉంటే ఆన్‌లో ఉందా చూడండి. ప్రో వెర్షన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేరుతోనే కనిపిస్తుంది.

కీ సాధారణంగా పీసీని మొదట సెటప్ చేసినవాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. టీనగర్, సౌకార్‌పేట వైపు చిన్న ఆఫీసుల్లో చూడండి, పీసీ కొన్నప్పుడు ఎవరో కుర్రాడు తన సొంత మెయిల్‌తో సెటప్ చేసి ఉంటాడు. ఏడాది తర్వాత ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోతాడు. ఆఫీసు లెక్కలన్నీ ఉన్న డిస్కు తాళం అతని మెయిల్‌లో ఉండిపోతుంది, ఆ సంగతి అతనికీ తెలియదు. అతను ఫోన్ ఎత్తుతున్నప్పుడే అడిగి తీసుకోండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే పీసీ సజావుగా నడుస్తుండగానే బిట్‌లాకర్ పేజీలోంచి కీని మీరే ప్రింట్ తీసుకోవడం.

అకౌంట్‌లో నాలుగైదు పాత పీసీల కీలు కలిసి ఉండొచ్చు. ఒక్కో కీ పక్కన కీ ఐడీ ఉంటుంది, నీలం తెర మీద కూడా అదే చూపిస్తుంది. రెండింటి మొదటి ఎనిమిది అక్షరాలూ కలిస్తేనే అది ఈ డిస్కుది. చేత్తో రాసుకుంటే సరిచూసుకునే ఉపాయం ఒకటి చెబుతాను: కీలో ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది ఉంటాయి, ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగించబడాలి. భాగించబడకపోతే అక్కడ రాతలో తప్పు పడినట్టే.

ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి, బ్యాగు పోతే రెండూ పోతాయి. జెల్ పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుంది, కాబట్టి బాల్ పెన్నే వాడండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంటి పత్రాలు ఎక్కడ దాస్తారో అక్కడ, నీళ్ళు చేరని ఎత్తులో ఉంచండి. ఫోన్‌లో ఫోటో తీసుకున్నా మంచిదే, కానీ అదొక్కటే ఆధారం కాకూడదు.

ఇక డేటా కాపీ. బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని పీసీ నుంచి విప్పేసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే పిడుగు పడ్డా, రాన్‌సమ్‌వేర్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. కాపీ అయ్యాక ఏదైనా ట్యాలీ బ్యాకప్పో, పెళ్ళి ఫోటోనో వేరే పీసీలో తెరిచి చూడండి.

అప్‌డేట్ చేసే రోజు

మబ్బు పట్టిన రోజు చేయకండి. యూపీఎస్ ఉందిగా అనే ధైర్యం కూడా ముందు పరీక్షించుకోండి. రెండు మూడేళ్ళ బ్యాటరీ చాలావాటిలో పేరుకే ఉంటుంది. ఫైళ్ళన్నీ సేవ్ చేసి మూసేసి, గోడ స్విచ్ ఆపండి. పది నిమిషాలు నిలబడకపోతే బ్యాటరీ మార్చించాకే పని మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, అడాప్టర్ తగిలించే ఉంచండి.

బయోస్‌లో ఇప్పుడున్న ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీయండి. అప్‌డేట్ తర్వాత సెట్టింగులు చాలాసార్లు మొదటి స్థితికి వెళ్ళిపోతాయి. స్టోరేజ్ మోడ్ ముందు రెయిడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారిందనుకోండి, విండోస్ లేవదు, డిస్కు పోయిందని కంగారు పడతారు. పాత మోడ్ పెట్టగానే లేస్తుంది. పాత పద్ధతిలో, అంటే లెగసీలో విండోస్ ఇన్‌స్టాల్ చేసిన పీసీలో ఆ పద్ధతికి వీలిచ్చే సీఎస్ఎం సెట్టింగ్‌ను ఆపేసినా ఇదే జరుగుతుంది. సీఆర్2032 బ్యాటరీ అయిపోయినప్పుడు కూడా అంతే. పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే వానలకు ముందే ఆ బ్యాటరీ మార్చేయండి.

ఫైలును బోర్డు తయారీదారు సైటు నుంచే దించుకోవాలి. మోడల్ పేరు ఒక్కటే చాలదు, బోర్డు అంచున ముద్రించిన రివిజన్ నంబరు కూడా కలవాలి. ప్రో ఎడిషన్‌లో బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, అంటే తాత్కాలికంగా ఆపి, మొదలుపెట్టండి, అయ్యాక తిరిగి ఆన్ అయిందో లేదో చూడండి. అప్‌డేట్ నడుస్తుండగా తెర నల్లబడొచ్చు, ఫ్యాన్ హోరెత్తొచ్చు, పీసీ రెండు మూడు సార్లు తనే ఆగి లేవొచ్చు. పవర్ బటన్ మీద చెయ్యి వేయకండి.

ఏఎండీ ప్రాసెసర్లున్నవాళ్ళు ఇంకో తెర గురించి తెలుసుకోవాలి. బయోస్ అప్‌డేట్ తర్వాతో, ప్రాసెసర్ మార్చాకో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఎఫ్‌టీపీఎం, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం గురించి ఒక ప్రశ్న వస్తుంది. వై నొక్కితే ఎఫ్‌టీపీఎంను చెరిపేసి కొత్తగా మొదలుపెడుతుంది, ఎన్ నొక్కితే పాత రికార్డును ఉంచుతుంది. వై నొక్కితే రికవరీ కీ లేకుండా విండోస్ లేవదని ఆ తెర మీదే రాసి ఉంటుంది. కానీ కంగారులో ఎవరూ చదవరు, వై అంటే యెస్, మంచిదే కదా అని నొక్కేస్తారు. చేతిలో కీ లేకపోతే ఎన్ నొక్కండి. ప్రాసెసర్ మార్చి ఉంటే పాతది తిరిగి పెట్టి, కీ దొరికాకే ముందుకు వెళ్ళండి.

మధ్యలో కరెంటు పోయి పీసీ చచ్చినట్టు ఉండిపోతే, బోర్డుకు ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో ముందు చూడండి. ఉంటే పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. లేకపోతే రిచ్చీ స్ట్రీట్‌లో ప్రోగ్రామర్ అనే పరికరం పెట్టి చిప్ తిరగరాసే మెకానిక్కులు ఉన్నారు. వాళ్ళు కొత్తది రాసేముందు చిప్‌లో ఉన్నదాన్ని కాపీ తీసి ఉంచమని అడగండి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, కంపెనీ ఇచ్చిన విండోస్ లైసెన్స్ కీ లాంటివి ఆ చిప్‌లోనే ఉంటాయి. ఇంకో మెషీన్ ఫైలు తెచ్చి గుడ్డిగా రాసేస్తే అవి పోతాయి.

షాపులో పీసీ వదిలేటప్పుడు మొదటి మాట ఇదే కావాలి: "అణ్ణా, ఫార్మాట్ పణ్ణాదీంగ, డేటా వేణుం." ఫార్మాట్ చేయొద్దు, డేటా కావాలి అని దాని అర్థం. తమిళం అంతగా రాకపోయినా ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి. అదే సంగతి రసీదు మీద కూడా రాయించండి. నీలం తెర చూడగానే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి ఇచ్చేయడం కొందరికి అలవాటు. ఎస్ఎస్‌డీలో ఒకసారి అలా జరిగితే, చెరిపిన చోటును పూర్తిగా ఖాళీ చేసే ట్రిమ్ వల్ల పాత డేటా వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. బోర్డు రిపేరుకు డిస్కుతో పనిలేదు, విప్పి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. రికవరీ కీ మాత్రం షాపులో రాసివ్వకండి, అవసరమైతే మీరే వెళ్ళి టైప్ చేయండి.

సెక్యూర్ బూట్ విషయంలో ఇంకొకటి ఉంది. అది నమ్మే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు 2011 నాటివి. వాటి గడువు 2026 జూన్ నుంచి అక్టోబర్ లోపు తీరుతుంది. కొత్తవి, అంటే 2023 నాటివి, చాలా పీసీలకు విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి, కొన్నిటికి తయారీదారు ఇచ్చే బయోస్ అప్‌డేట్ కావాలి. గడువు తీరినంత మాత్రాన పీసీ ఆగిపోదు, కానీ బూట్ దశకు ఆ తర్వాత వచ్చే రక్షణలు అందవు. అప్‌డేట్లు ఆపేసి పెట్టుకున్నవాళ్ళు వాటిని ఆన్ చేయండి. గొడవెందుకని సెక్యూర్ బూట్‌నే ఆపేయకండి. బ్లాక్‌లోటస్ లాంటి బూట్‌కిట్లు విండోస్ కంటే ముందే లోపలికి దూరుతాయి, యాంటీవైరస్ లేచేసరికి వాటి పని అయిపోతుంది.

నీళ్ళు వస్తే

వేళచ్చేరి, ముడిచూర్, పళ్ళికరణై వైపు కింది అంతస్తులో ఉన్నవాళ్ళకు 2015 డిసెంబర్, 2023 మిచౌంగ్ తుఫాను గుర్తుండే ఉంటాయి. యూపీఎస్‌నూ, పొడిగింపు బోర్డునూ నేల మీద నుంచి ఇప్పుడే ఎత్తండి. వాన హెచ్చరిక వచ్చిన రాత్రి ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయండి, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

పీసీ మునిగితే, ఆరిందిలే అని ఆన్ చేసి చూడకండి. డేటా పోయేది ఎక్కువగా ఆ ఒక్క ప్రయత్నంలోనే. తిరిగే హార్డ్ డిస్కు నీళ్ళలో పడితే ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రైయర్ పట్టొద్దు. బురద లోపల ఎండిపోతే ప్లేట్లకు అంటుకుపోతుంది. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి డేటా రికవరీ ల్యాబ్‌కు చేర్చండి. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కైతే ల్యాబ్‌వాళ్ళు పైకి తీసింది తెరవడానికి కూడా రికవరీ కీ కావాలి, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. సంచి మీద ఏ రోజు తడిసింది, వాన నీళ్ళా, డ్రైనేజీ నీళ్ళా, ఆ తర్వాత ఎవరైనా ఆన్ చేశారా అని రాసి ఇవ్వండి. ఎలా మొదలుపెట్టాలో వాళ్ళు తేల్చుకునేది ఆ వివరాలను బట్టే.