తెలుగు మ్యాటర్ ఒక్కసారి కొడితే చాలు: యూనికోడ్ పద్ధతి

తిరుపతిలో డీటీపీ షాపులో గంగమ్మ జాతర కరపత్రం కొట్టించుకుని, ఆ ఫైలు పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చి తెరిస్తే తెలుగు కనబడదు. నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనబడుతుంది. ఫైలు పాడైందనుకుంటారు. పాడవలేదు. ఆ ఫైల్లో మొదటినుంచీ తెలుగు అక్షరాలు లేవు, తెలుగు బొమ్మలున్నాయి.

అనూ వంటి పాత ఫాంట్ల పని తీరే అది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు ముక్కల్ని అతికిస్తారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. ఆ ఫాంటు ఉన్న మెషీన్లో ముక్కలు కలిసి తెలుగులా నిలబడతాయి, లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే తెలుగుకు సొంత గళ్ళున్నాయి: 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా మొత్తం 128. ‘త’ అంటే ఫోన్లోనైనా, కుప్పంలోని నెట్ సెంటర్లోనైనా 0సి24 మాత్రమే. ఏ ఫాంటు వేసినా అది ‘త’గానే ఉంటుంది.

అందుకే పని వరుస ఇలా ఉండాలి: మ్యాటర్ యూనికోడ్‌లో కొట్టడం, ప్రూఫ్ చూడటం, ఆ కాపీని విడిగా దాచడం, ఆ తర్వాతే డిజైన్. చాలామంది డిజైన్‌తో మొదలుపెట్టి అందులోనే కొడతారు. వచ్చే ఏడాది జాతరకు అదే మ్యాటర్ మళ్ళీ మొదటినుంచి కొట్టించుకోవాల్సి వచ్చేది అందుకే.

కీబోర్డు చేర్చడం

విండోస్ 11లో స్టార్ట్ నుంచి సెట్టింగ్స్, అందులో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరవండి. యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు ఎంచుకోండి. విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్‌గా పెట్టాలా అని అడిగే గడిలో టిక్ తీసేయండి. లేకపోతే మెనూలన్నీ తెలుగులోకి మారి, ఇంగ్లీషు మెనూలకు అలవాటుపడ్డ చెయ్యి తడబడుతుంది. చేరాక తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే, యాడ్ ఎ కీబోర్డ్ దగ్గర తెలుగు ఇన్‌స్క్రిప్టు, తెలుగు ఫోనెటిక్ కనబడతాయి. విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య మారవచ్చు. కొట్టేముందు గడియారం పక్కనున్న భాష గుర్తును ఒకసారి చూసుకోండి. కొత్తవాళ్ళ చేత సగం పేజీ వృథాగా కొట్టించేది ఈ చిన్న గుర్తే.

ఫోనెటిక్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే తెలుగు మాట వస్తుంది. వారానికి ఒక ఉత్తరం రాసేవాళ్ళకు అది చాలు. రోజూ పేజీలకు పేజీలు కొట్టేవాళ్ళకు మాత్రం ఇన్‌స్క్రిప్టే మేలు. ల, ళ, న, ణ ఏది రావాలో మిషను ఊహించడం, మీరు దాన్ని సరిదిద్దడం అనే గొడవ అందులో ఉండదు.

ఇన్‌స్క్రిప్టు నేర్చుకోవడం పట్టిక చూసి బెదిరినంత కష్టమేమీ కాదు. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. మామూలుగా నొక్కితే గుణింతం గుర్తు, షిఫ్టుతో నొక్కితే అచ్చు. హల్లుల్లో మామూలు మీట అల్పప్రాణం, షిఫ్టుతో మహాప్రాణం: కే అంటే క, షిఫ్టు కే అంటే ఖ. పొల్లు ‘డి’ మీద ఉంటుంది. ‘తిరుపతి’కి ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. ‘చిత్తూరు’కు సెమీకోలన్, ఎఫ్, ఎల్, డి, ఎల్, టి, జె, జి. ‘కృష్ణ’కు కే, ఈక్వల్‌టు, షిఫ్టు కామా, డి, షిఫ్టు సి. ‘శ్రీకాళహస్తి’ వేళ్ళకు పట్టిందంటే వత్తులు పట్టుబడ్డట్టే: షిఫ్టు ఎం, డి, జె, ఆర్, కే, ఈ, షిఫ్టు ఎన్, యు, ఎం, డి, ఎల్, ఎఫ్. రోజుకు అరగంట చొప్పున ఊళ్ళ పేర్లే కొట్టి చూడండి. పలమనేరు, పుంగనూరు, కాణిపాకం, వడమాలపేట... మాటలు తెలిసినవైతే కళ్ళు పట్టిక వదిలేస్తాయి.

చిత్తూరు వైపు వాళ్ళకు ఇందులో ఇంకో లాభం ఉంది. నగరిలో అరవం, కుప్పం, పలమనేరుల్లో అరవం, కన్నడం కూడా కొట్టాల్సి వస్తుంటుంది. ఇన్‌స్క్రిప్టు చాలా భారతీయ భాషలకు ఒకే అమరిక. తెలుగులో క వచ్చే మీట మీదే కన్నడ క, అరవ క. ఆ భాషల కీబోర్డులు చేర్చుకుంటే చాలు, వేళ్ళకు కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ ఉండదు. అరవంలో ఖ, గ, ఘ లాంటివి లేవు కాబట్టి ఆ మీటలు ఖాళీగా ఉంటాయి, అంతే తేడా.

వత్తు ముందా, గుణింతం ముందా

అనూలో చెయ్యి తిరిగినవాళ్ళు యూనికోడ్‌కు వచ్చినప్పుడు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పాత పద్ధతిలో కంటికి కనబడే వరుసలో కొడతారు: ముందు ‘తూ’, తర్వాత దాని కింద త వత్తు. యూనికోడ్‌లో పలికే వరుసలో కొట్టాలి: హల్లు, పొల్లు, హల్లు, అన్నిటి తర్వాత గుణింతం, సున్న ఉంటే దాని వెనక సున్న. వరుస తప్పితే అక్షరం విరిగి, వత్తు చుక్కల వలయం మీద విడిగా వేలాడుతుంది. ఆ వలయం కనబడితే అర్థం ఒకటే: ఈ గుర్తుకు ఆధారంగా ముందు హల్లు లేదు. వెనక్కి వెళ్ళి ఆ అక్షరాన్ని మొత్తం చెరిపి మళ్ళీ కొట్టండి. బ్యాక్‌స్పేస్ ఒక్కో గుర్తునే వెనకనుంచి తీస్తుంది, డిలీట్ మీట ముందున్న అక్షరాన్ని వత్తుతో సహా తీసేస్తుంది. ఈ తేడా తెలిస్తే గుడికి బదులు కొమ్ము పడినప్పుడు అక్షరమంతా తిరిగి కొట్టనక్కర్లేదు.

సున్న బదులు ఇంగ్లీషు ‘ఓ’ గానీ అంకె 0 గానీ కొట్టకండి. అచ్చులో పోల్చుకోలేకపోవచ్చు గానీ వెతికినప్పుడు ఆ మాట దొరకదు. సున్న ‘ఎక్స్’ మీద ఉంది. ‘దుఃఖం’లో విసర్గకు కోలన్ పెట్టడం ఇంకా ఎక్కువగా కనబడే తప్పు. షిఫ్టుతో హైఫన్ మీట నొక్కితే అసలు విసర్గ వస్తుంది.

పొల్లు తర్వాత హల్లు వస్తే మిషను వత్తు చేసేస్తుంది. ‘బస్‌స్టాండ్’ అని కొట్టబోతే ‘బస్స్టాండ్’ అవుతుంది. పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పెడితే అవి కలవవు. వర్డ్‌లో దానికి దారి ఇది: ఇంగ్లీషుకు మారి, పొల్లు వెంటనే 200సి అని (సి ఇంగ్లీషు అక్షరమే) కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అంకెలు మాయమై గుర్తు చేరుతుంది. ఊరికే ‘బస్టాండు’ అని రాస్తే ఈ తిప్పలేవీ ఉండవు. మన నోరు ఆ మాటను ఎప్పుడో సర్దుకుంది.

ఫాంటు, సైజు, వరుసల ఎడం

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మామూలు మ్యాటర్‌కు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు, శీర్షికకు రామభద్ర బాగుంటాయి. శ్రీకాళహస్తి కవి పేరు పెట్టుకున్న ధూర్జటి ఆహ్వానపత్రికల తలకట్టుకే గానీ పేరాలకు పనికిరాదు. దించుకున్న జిప్ ఫైలును ముందు విప్పి, లోపలి ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ నొక్కండి. వర్డ్ తెరిచి ఉంటే మూసి మళ్ళీ తెరవండి.

వర్డ్‌లో తెలుగు సైజు మారడం లేదంటే కంట్రోల్, డి నొక్కి చూడండి. అక్కడ లాటిన్ టెక్స్ట్, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని రెండు వేర్వేరు గళ్ళుంటాయి. తెలుగు ఫాంటూ సైజూ రెండో దాంట్లో పెట్టాలి. లిబ్రె ఆఫీస్‌లోనూ ఇదే సంగతి: టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకుంటేనే ఆ గడి కనబడుతుంది.

‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి చోట్ల కింది వత్తు తెగిపోతోందా? తప్పు ఫాంటుది కాదు. పేరాగ్రాఫ్ సెట్టింగులో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉండి ఉంటుంది. దాన్ని ‘మల్టిపుల్’ చేసి 1.15 లేదా 1.2 ఇవ్వండి. ఇక బోల్డ్ సంగతి: చాలా తెలుగు ఫాంట్లకు విడిగా బోల్డ్ ఉండదు. బీ బటన్ నొక్కితే ప్రోగ్రామే ఉన్న గీతను లావు చేస్తుంది, చిన్న సైజులో అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. దళసరి కావాలంటే రామభద్ర లాంటి దళసరి ఫాంటే వాడండి, లేదా వేర్వేరు మందాలున్న నోటో తీసుకోండి.

తెర మీద కనబడేదాన్ని బట్టి జబ్బు పోల్చుకోవడం

ఖాళీ డబ్బాలు కనబడితే తెలుగు ఫాంటు లేదని అర్థం. మ్యాటర్ క్షేమం, ఫాంటు మారిస్తే చాలు. పొల్లులు విడివిడిగా, వత్తులు కలవకుండా కనబడితే ఆ ప్రోగ్రాముకు తెలుగు అమర్చడం తెలియదు, లేదా ఆ సెట్టింగు ఆపి ఉంది. వింత ఇంగ్లీషు అక్షరాలు కనబడితే అది అనూ లాంటి ఫాంటులో కొట్టిందైనా కావాలి, యూనికోడ్ ఫైలును తప్పు ఎన్‌కోడింగులో (అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతిలో) తెరిచిందైనా కావాలి. రెండూ బాగుపడేవే.

బాగుపడనిది ఒక్కటే: వరసగా ప్రశ్న గుర్తులు. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఆన్సీ అని వదిలేస్తే ప్రతి తెలుగు అక్షరం స్థానంలో ప్రశ్న గుర్తే ఫైల్లోకి వెళ్ళిపోతుంది. ఇక ఏ ఫాంటూ దాన్ని వెనక్కి తేలేదు. ఎప్పుడూ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

సంఘం సభ్యుల జాబితాలు చేసేవాళ్ళు ఎక్సెల్ విషయంలో జాగ్రత్తపడాలి. తెలుగు పేర్లున్న పట్టికను మామూలు సీఎస్‌వీగా దాస్తే పేర్లు పోతాయి. సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంది, అది వాడాలి. ఎవరో పంపిన సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరిస్తే వింత అక్షరాలు వస్తుంటే మూసేయండి, సేవ్ చేయకండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ పెట్టండి.

పాత అనూ ఫైళ్ళ సంగతి

మార్చిపెట్టే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. కానీ అనూ కూర్పులన్నీ ఒకటి కావు, ముక్కల సంఖ్యలు మారతాయి. ఫైలు ఏ కూర్పులో కొట్టారో షాపువాళ్ళనే అడిగి, ముందు ఒక్క పేరా మార్చి చూడండి. అది సరిగా వస్తేనే మిగతాది. ముఖ్యంగా నాలుగుచోట్ల చూడాలి: మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు (కన్వర్టర్ వాటిని కూడా తెలుగు ముక్కలనుకుని పొడిచేస్తుంది), బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు, రెండు వత్తులున్న అక్షరాలు. భూమి పత్రాలు, ఆధార్ వివరాలున్న మ్యాటర్‌ను మాత్రం ముక్కూమొహం తెలియని సైట్లలో పేస్ట్ చేయకండి.

ఫైలే లేక కాగితం మాత్రమే ఉంటే దాన్ని తిన్నగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఓపెన్ విత్ గూగుల్ డాక్స్ అనండి. కింద తెలుగు మ్యాటర్ వస్తుంది. ద, ధ, ప, ఫ, బ, భ జంటల మీద కన్నేసి ఉంచండి. పాత కరపత్రంలో ఒత్తు గీత చెరిగి ఉంటే మిషనుకు తెలిసే దారి లేదు.

ఫ్లెక్సీకి, ప్రెస్సుకి

షాపుల్లో పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలుగు రాదు, వచ్చే ఆశా లేదు. షాపులు ఇంకా అనూ పట్టుకుని వేలాడటానికి పెద్ద కారణం అదే. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే వత్తులు సరిగా కూర్చుంటాయి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఉంటుంది. పాత కూర్పుల్లో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్.

ఫ్లెక్సీ ప్రింటర్ దగ్గర మీ ఫాంటు ఉండకపోవచ్చు. అందుకే పంపేముందు అక్షరాలను గీతలుగా మార్చాలి: కోరెల్‌డ్రాలో కంట్రోల్, క్యూ; ఇల్లస్ట్రేటర్‌లో షిఫ్టు, కంట్రోల్, ఓ. మార్చాక ఒక్క పొల్లు కూడా దిద్దలేరు. కాబట్టి ముందు పని ఇచ్చినవాళ్ళకు పీడీఎఫ్ పంపి పేర్లు, ముహూర్తం, తిథి చదివించి ‘సరే’ అనిపించుకోండి. ఆ తర్వాతే విడిగా ఇంకో పేరుతో సేవ్ చేసి మార్చండి. పీడీఎఫ్ ఉందిగా అని వర్డ్ ఫైలు పారేయకండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు తరచూ చెల్లాచెదురుగా వస్తుంది.

అదే మ్యాటర్‌ను ఎస్సెమ్మెస్‌గా పంపేవాళ్ళు లెక్క చూసుకోవాలి. ఇంగ్లీషు మెసేజికి 160 అక్షరాలైతే తెలుగుకు 70. అందులోనూ గుణింతం, పొల్లు దేనికదే లెక్క. ‘చిత్తూరు’ కంటికి మూడు అక్షరాలు, మెసేజి లెక్కలో ఎనిమిది. పేర్ల ముందు గౌరవ వాచకాలు నాలుగు చేరితే రెండో మెసేజి మొదలైనట్టే.