చక్రాల మీద కాపురం – 6వ పాఠం: బట్టల ఉతుకు

పోయిన పాఠంలో మీకొక పని చెప్పాను. బండిలోని నీళ్ల ట్యాంకులోంచి రోజూ ఎన్ని లీటర్లు ఖర్చవుతున్నాయో వారం పాటు నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఆ బుక్కు ఈ రోజు పక్కన పెట్టుకుని కూర్చోండి. బట్టలు ఎక్కడ ఉతకాలి, ఎప్పుడు ఉతకాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది తేల్చేవి అందులోని అంకెలే.

ముందు మా లెక్క చెప్తాను. మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు పీకించేసి మంచం, వంటగట్టు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. నేను, మా ఆయన, ఇద్దరమే. ఆయన రిటైరైన దగ్గర్నుంచి మా కాపురం ఇందులోనే. చుట్టాలంతా కర్నూలు, అనంతపురం, కడపల్లోనే ఉన్నారు కాబట్టి ఎక్కువ రోజులు ఈ చుట్టుపక్కలే తిరుగుతాం. వంట, గిన్నెలు, స్నానాలు, తాగడం అన్నీ కలిపి ఎంత పొదుపుగా వాడినా రోజుకు 40 లీటర్లు పోతాయి. ట్యాంకు నిండిన రోజు నుంచి మూడు రోజులు ధీమాగా ఉంటాం. నాలుగో రోజు నీళ్ల కోసం బయల్దేరాలి.

ఇద్దరి ఒక రోజు బట్టలు చేత్తో ఉతికితే నానబెట్టడానికి, రెండుసార్లు జాడించడానికి కలిపి 25 లీటర్లు పడతాయి. రోజూ ట్యాంకు నీళ్లతోనే ఉతికామనుకోండి, రోజుకు 65 లీటర్లు. మూడు రోజులు రావాల్సిన ట్యాంకు రెండో రోజు రాత్రికే అడుగంటుతుంది. మొదటి రెండు నెలలు మేం చేసింది అదే. ఎండాకాలంలో గుత్తి దాటాక రాత్రి తొమ్మిదింటికి తాగడానికి చెంబెడు నీళ్లు మిగిలాయి. దండెం మీద మాత్రం నాలుగు ఉతికిన చొక్కాలున్నాయి. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ మీరు పడకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ తర్వాత మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. ట్యాంకు నింపే రోజే బట్టల రోజు. నీళ్లున్న చోటికి బండి వెళ్లినప్పుడు ముందు బట్టలు ఉతికేసి, ఆ తర్వాత ట్యాంకు నింపుకుని కదులుతాం. ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టేది లోదుస్తులకు, జేబురుమాళ్లకు మాత్రమే. వాటికి స్నానం చేసేటప్పుడు అరబకెట్ చాలు.

చాలామంది అడిగే మాట, "వాషింగ్ మెషీన్ పెట్టించుకోవచ్చు కదా?" అమెరికాలో కొన్ని పెద్ద మోటార్‌హోమ్‌లలో మెషీన్, డ్రయ్యర్ రెండూ అమర్చి ఉంటాయి. అవి లేనివాళ్లకు బండ్లు నిలిపే పార్కుల్లోనే ఉతుకు గదులుంటాయి, ఊళ్లలో నాణేలు వేస్తే తిరిగే మెషీన్ల షాపులుంటాయి. అక్కడి పార్కుల్లో బండికి నేరుగా నీటి పైపు, కరెంటు, మురుగు గొట్టం తగిలిస్తారు. మనకు ఆ మూడూ లేవు. ఇంట్లో వాడే ఫ్రంట్ లోడ్ మెషీనే 60 కిలోల పైన బరువుంటుంది, ఒక్కసారికి 50 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. నీళ్లు వేడి చేసే ప్రోగ్రామ్ పెడితే 2000 వాట్లు లాగుతుంది. మన ఇన్వర్టర్ బ్యాటరీ దాన్ని మోయలేదు. బకెట్ సైజు చిన్న మెషీన్లు కరెంటు తక్కువ తీసుకుంటాయి కానీ నీళ్లు పోసేది, పారబోసేది, జాడించేది మనమే. ఇద్దరున్న బండికి నేనైతే వద్దంటాను. చిన్నపిల్లలుంటే ఆ చిన్న మెషీన్ కొనుక్కోండి, తప్పులేదు.

ఏ బట్టలు పెట్టుకోవాలి

ఉతుకు భారమంతా బట్టలు సర్దుకునే రోజే సగం తేలిపోతుంది. మందపాటి టర్కీ టవల్ ఉతకడానికి బకెట్ నీళ్లు తాగుతుంది, పిండాక రాయిలా బరువుంటుంది, ముసురు పడితే రెండు రోజులైనా ఆరదు. దాని బదులు పల్చటి నేత తువ్వాళ్లు ఆరు పెట్టుకోండి. జీన్స్ ఒక్కటి చాలు. మా ఆయనకు లుంగీలు మూడు, చొక్కాలు నాలుగు. నాకు చుడీదార్లు నాలుగు, నూలు చీరలు రెండు. దుప్పట్లు ముదురు రంగువి రెండు జతలు. ధర్మవరం పట్టుచీర మా చెల్లెలి బీరువాలోనే ఉంటుంది, పెళ్లికి వెళ్లాల్సివస్తే ముందు అక్కడ ఆగుతాం. బండిలో పట్టు పెట్టుకుంటే చెమ్మకు, ఎర్రదుమ్ముకు పాడవడమే.

ఆరు జతలు కాకుండా నాలుగు జతలే ఎందుకంటే, మురికి బట్టల మూటకు కూడా బండిలో చోటు కావాలి. ఆ మూటను ప్లాస్టిక్ కవర్‌లో బిగించి కట్టకండి. చెమట బట్టలు ఒక్క రోజుకే ముక్కవాసన పట్టేస్తాయి. గాలి ఆడే వలసంచిలో వేసి వెనక తలుపుకు తగిలించండి.

నీళ్లను పరీక్షించడం

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, నిదానంగా చదవండి. మన సీమలో ఊరు మారితే నీళ్లు మారతాయి. కర్నూలులో తుంగభద్ర నీళ్లు పట్టుకున్న రోజు పావు సబ్బుబిళ్లతో పనైపోతుంది. అదే తాడిపత్రి, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు బోరు నీళ్లయితే ఎంత రుద్దినా నురగ రాదు. అది సున్నపురాయి నేల. ఇళ్లకు పరిచే నల్లబండలు వచ్చేది ఆ నేల నుంచే. రాళ్ల సందుల్లోంచి ఊరిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా కరిగి ఉంటాయి. సబ్బు మురికిని పట్టుకునేలోపే ఆ లవణాలు సబ్బును పట్టుకుంటాయి. రెండూ కలిసి తెల్లటి జిడ్డు తరకలుగా తేలతాయి. ఆ తరకే బట్టలో దిగి ఆరాక తువ్వాలును అట్టలా చేస్తుంది, తెల్లబట్టలను బూడిదరంగుకు తెస్తుంది. మురికి పోలేదనుకుని మనం ఇంకా సబ్బు రుద్దుతాం, ఇంకా తరక కట్టుకుంటుంది.

అందుకే కొత్త చోట ముందు సీసా పరీక్ష చేయండి. అరలీటరు ప్లాస్టిక్ సీసాలో సగం దాకా ఆ నీళ్లు పట్టండి. మామూలు ఒంటిసబ్బును గోటితో గీకి నాలుగైదు పెచ్చులు వేయండి. మూత పెట్టి పదిసార్లు గట్టిగా ఊపి, కాసేపు ఆగి వెలుతురుకు ఎత్తి చూడండి. పైన నురగ దట్టంగా నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ పలచబడి, నీళ్లు మజ్జిగలా మారి, అంచున తరకలు అంటుకుంటే అవి ఉప్పునీళ్ల కిందే లెక్క. ఈ పరీక్షకు డిటర్జెంట్ పొడి వాడకండి. అది ఉప్పునీళ్లలో కూడా కొంత నురగ ఇచ్చి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఉప్పునీళ్లయితే రెండు మార్గాలున్నాయి. మొదటిది బట్టల సోడా (వాషింగ్ సోడా). కిరాణాకొట్లో దొరుకుతుంది. వంటసోడా వేరు, ఇది వేరు, అడిగి తీసుకోండి. బకెట్ నీళ్లకు ఒక పెద్ద చెంచా వేసి కలిపి ఆగండి. నీళ్లు మసకబారతాయి, ఆ తర్వాత అడుగున తెల్లటి పొడి మెల్లగా దిగుతుంది. కాల్షియం సున్నపురాయి పొడిగా మారి దిగిపోవడమే అది. పైనున్న తేటను ఇంకో బకెట్‌లోకి వంచుకుని అందులో సబ్బు వాడండి, తేడా మీ వేళ్లకే తెలుస్తుంది. సోడా చేతులను మంట పుట్టిస్తుంది కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోండి. పట్టుకు, ఉన్నికి సోడా తగలనివ్వొద్దు, అల్యూమినియం గిన్నెలో కలపొద్దు.

రెండో మార్గం కుంకుడుకాయలు. పది కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టిన రసం ఉప్పునీళ్లలో కూడా తరక కట్టదు. రంగుబట్టలకు, మెత్తటి నూలుకు నేను దాన్నే వాడతాను. నూనె మరకలకు మాత్రం అది చాలదు.

ఎక్కడ ఉతకాలి

44వ నంబర్ హైవే మీద లారీలు ఆగే దాబాల దగ్గర, కొన్ని పెట్రోలు బంకుల్లో డ్రైవర్లు స్నానాలు చేసే నీళ్లతొట్టి, పక్కనే ఒక బండ ఉంటాయి. ఉతకడానికి అంతకంటే మంచి చోటు లేదు. భోజనం అక్కడే చేయండి లేదా డీజిల్ కొట్టించుకోండి, ఆ తర్వాత "అన్నా, బట్టలు ఉతుక్కోమంటావా?" అని అడగండి. మాకు కాదన్నవాళ్లు తక్కువ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తొట్టి దగ్గర రద్దీ ఉండదు.

పొలాల బోర్ల దగ్గర కూడా నీళ్లిస్తారు, కానీ ఒక జాగ్రత్త ఉంది. ఉరవకొండ వైపు ఒక పెద్దాయన చేను గట్టున మేం ఉతుకుతుంటే వచ్చి నిలబడి అన్నాడు. "అమ్మా, నీళ్లు ఎన్నన్నా పట్టుకోండి. ఆ సబ్బు నీళ్లు మాత్రం నా చేనిలోకి పారనీకండి. చెనిక్కాయ చెట్టు తట్టుకోదు." ఆయన మాట నిజం. సోడా నీళ్లు పడితే మట్టి చవుడు తేలుతుంది. అప్పటి నుంచి బండిలో 40 లీటర్ల ఖాళీ డ్రమ్ము పెట్టుకున్నాం. సబ్బు నీళ్లు దాంట్లో పోసుకుని, పంట లేని బీడులో చల్లుతాం, ఒకేచోట గుమ్మరించం. కె.సి. కెనాల్ (కర్నూలు–కడప కాలువ) పక్కన బండి ఆపితే కాలువ గట్టు మీద ఉతకాలని చేతులు లాగుతాయి. వద్దు. దిగువన ఆ నీళ్లు తాగే ఊళ్లున్నాయి. బకెట్‌తో తోడుకుని కనీసం డెబ్బై అంగలు ఇవతలికి వచ్చి ఉతకండి.

తొట్టీ బోరూ దొరకని రోజున ప్రయాణమే ఉతుకుతుంది. మూత బిగుసుకునే 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో బట్టలు, సబ్బు నీళ్లు సగం దాకా మాత్రమే వేసి, బండి లోపల, చక్రాల మధ్యన వచ్చే చోట నేల మీద తాడుతో కట్టేయండి. అనంతపురంలో కడితే తాడిపత్రి చేరేసరికి కుదుపులకు మురికి వదిలిపోయి ఉంటుంది, జాడిస్తే చాలు. ఘాట్ రోడ్డు మీద మాత్రం ఇది చేయకండి. కడప నుంచి రాయచోటికి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో మా డబ్బా మూత ఊడింది. సబ్బు నీళ్లు పరుపు కింది ప్లైవుడ్‌లోకి దిగి అది ఉబ్బిపోయింది, మార్చాల్సి వచ్చింది.

చాకిరేవుకు, ఇస్త్రీ బండికి ఇచ్చేవి

దుప్పట్లు, జీన్స్, నూలు చీరలు మేం ఉతకం. వాటిని పది రోజులకోసారి మూటగట్టి ఇచ్చేస్తాం. మన ఊళ్లలో వీధికో ఇస్త్రీ బండి ఉంటుంది, చాలామంది ఉతుకు కూడా తీసుకుంటారు. కిలో లెక్కన తీసుకునే షాపులు కూడా వచ్చాయి. ధర కంటే ముందు అడగాల్సిన మాట, "ఎప్పుడిస్తారు?" "ఎల్లుండి పొద్దున" అంటే రెండు రాత్రులు ఆ ఊళ్లోనే మకాం. కాబట్టి డాక్టరును చూడాలన్నా, బండికి సర్వీసింగ్ చేయించాలన్నా, చుట్టాలింట్లో ఉండాలన్నా ఆ రెండు రోజులకు ముడిపెట్టుకోండి.

ఒక ఊళ్లో మా కొత్త దుప్పటి బదులు ఎవరిదో చిరిగిన దుప్పటి వచ్చింది. ఊరు దాటాక చూసుకున్నాం. అప్పటి నుంచి ప్రతి గుడ్డ మూలన ఎర్రదారంతో రెండు కుట్లు వేసి పెట్టాను, లెక్క కాగితం మీద రాసి ఇస్తాను, విప్పి చూసుకున్నాకే డబ్బులిస్తాను. పూర్వం రజకులు నల్లజీడి రసంతో గుర్తు వేసేవాళ్లు, ఎన్ని ఉతుకులైనా చెదిరేది కాదు. ఆ రసం తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది, మీరు ప్రయత్నించకండి, దారం చాలు.

ఆరబెట్టడం

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడింటికి ఆరేస్తే తొమ్మిదికల్లా తీసేయొచ్చు. ఇంకా ఉంచితే రంగు వెలుస్తుంది, అందుకే తిరగేసి ఆరేయండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం వైపు గాలి చూశారుగా, క్లిప్పులను ఎగరేసుకుపోతుంది. రెండు నైలాన్ తాళ్లను కలిపి పురిపెట్టి, ఒక కొస బండి కడ్డీకి, ఇంకో కొస వేపచెట్టుకు కట్టండి. పురుల మధ్యలో గుడ్డ అంచు దూర్చితే ఎంత గాలికైనా కదలదు. గాలి వచ్చే వైపు బండిని అడ్డం పెట్టి, ఆ చాటున ఆరేస్తే ఎర్రదుమ్ము పడదు.

అక్టోబరు, నవంబరులో కడపకు తుపాను ముసురు పట్టినప్పుడే అసలు కష్టం. బండి లోపల ఆరేస్తే ఆ తడంతా గోడలకు చెమ్మగా పడుతుంది, వారానికి పరుపు కింద బూజు కనిపిస్తుంది. ఆ రోజుల్లో పెద్ద బట్టలు ఉతక్కుండా ఆపేయండి. తప్పనిసరి అయితే గట్టిగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి తొక్కండి. సగం తడి దానికి పోతుంది. తర్వాత పైకిటికీ కొంచెం తెరిచి చిన్న ఫ్యాన్ ముందు ఆరేయండి. గ్యాస్ పొయ్యి మీద బట్టలు ఆరబెట్టే పని మాత్రం చేయొద్దు. చిన్న బండిలో మంట అంటుకోవడానికి క్షణం పట్టదు, మూసిన తలుపుల మధ్య పొయ్యి వదిలే విషవాయువు ప్రాణం తీస్తుంది.

ఈ వారం చేయాల్సినవి

నోటుబుక్కులో మీ రోజు నీళ్ల ఖర్చుతో ట్యాంకు లీటర్లను భాగించండి. వచ్చిన అంకె మీ బట్టల రోజుకు గడువు. బీరువాలోని బట్టలన్నీ మంచం మీద పరిచి, తడిస్తే ఒక్క పూటలో ఆరనివి పక్కకు తీయండి. ఈ వారం ఆగిన ప్రతి చోటా సీసా పరీక్ష చేసి, ఊరి పేరు, నురగ నిలిచిందో లేదో బుక్కులో రాయండి. మూడు నాలుగు ఊళ్లయ్యేసరికి మీ దారిలో ఎక్కడ ఉతకాలో మీకే ఒక పటం తయారవుతుంది. ఆ బుక్కు 7వ పాఠానికి కూడా కావాలి. అందులో స్నానం, గిన్నెల నీళ్లను రెండోసారి ఎలా వాడుకోవాలో చూద్దాం.