ఒక్క ఫోన్‌తో తరగతి – 3వ పాఠం: పుస్తకం పేజీలో మీ గొంతు

కిందటి పాఠంలో ఫోన్ రికార్డర్‌తో మూడు నిమిషాల పాఠం రికార్డు చేసి, ఫైలుకు తరగతి, పాఠం పేరు పెట్టుకున్నాం. ఈసారి దాన్ని పిల్లల పుస్తకంలోకి తెద్దాం. పేజీ అంచున చిన్న క్యూఆర్ కోడ్ అతికిస్తాం. ఇంట్లో ఎవరి ఫోన్‌తో స్కాన్ చేసినా మీ గొంతు వినిపిస్తుంది.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు చెప్పే మాస్టార్లకు ఇది ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో ఒడియా బోర్డులు చూస్తారు. కొన్ని ఊళ్లలో పక్కింటి మాట సవర అనే గిరిజన భాష. మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్ వైపైతే ఒడియా బదులు మరాఠీ. అమ్మ చక్కగా తెలుగు మాట్లాడుతుంది, కానీ చదువుకున్నది వేరే లిపిలో. సాయంత్రం బిడ్డ పుస్తకం తెరిచి ఒక పదం దగ్గర ఆగిపోతే, దాన్ని పైకి చదివి వినిపించే మనిషి ఆ ఇంట్లో లేరు. మీ రికార్డింగు చేరాల్సింది అక్కడికి.

ఇలాంటి పని మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయుడు చేసి చూపించారు. సోలాపూర్ జిల్లా పరితేవాడిలోని జిల్లా పరిషత్ బడిలో రంజిత్‌సింహ్ డిసలే గారి తరగతి పిల్లల ఇంటి భాష కన్నడం. పాఠ్యపుస్తకం ఆ భాషలో లేదు. ఆయన కన్నడం నేర్చుకుని, పాఠాలను ఆ భాషలోకి మార్చి, పాటలు, కథలు, వీడియో పాఠాలను క్యూఆర్ కోడ్‌లతో పుస్తకాలకు కలిపారు. 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్ల ఆ బహుమతిలో సగాన్ని తుది జాబితాలోని మిగతా 9 మందికి పంచారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆయన పని చేసిన వరుస. ముందు పిల్లల భాష, తరవాతే కోడ్.

మనమూ అలాగే మొదలుపెడదాం. పుస్తకం మొత్తం వద్దు. మీ తరగతిలో ఎక్కువమంది తడబడే ఒక్క పేజీ తీసుకోండి. రికార్డింగులో మొదట పాఠాన్ని నెమ్మదిగా చదవండి, తరవాత మీ ఊరి తెలుగులో వివరించండి. “ఇలా మాట్లాడితే బాగుంటుందా” అని సందేహించకండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన అనుభవంతోనే.

ఇక కోడ్ తయారీ. ఫైళ్లను నెట్‌లో దాచుకునే గూగుల్ డ్రైవ్ యాప్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి ఫైలును అప్‌లోడ్ చేయండి. ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి షేరింగ్‌లోకి వెళ్లండి. అక్కడ ‘రెస్ట్రిక్టెడ్’ అని ఉన్నదాన్ని ‘ఎనీవన్ విత్ ద లింక్’గా మార్చండి. ఇది మరిచిపోతే పిల్లల ఇంట్లో పాఠానికి బదులు ‘అనుమతి కోరండి’ అనే సందేశం వస్తుంది. లింకు ఎవరి చేతికైనా చేరవచ్చు కాబట్టి రికార్డింగులో పిల్లల పేర్లు, గొంతులు ఉండకూడదు. తరవాత లింకు కాపీ చేసి క్రోమ్‌లో తెరవండి. మూడు చుక్కలు, షేర్, క్యూఆర్ కోడ్, డౌన్‌లోడ్. అంతే.

ప్రింటు రెండు, మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు. చుట్టూ కాస్త తెల్ల అంచు వదలండి. మూడు మూలల్లో ఉన్న చదరాలను బట్టే కెమెరా కోడ్‌ను గుర్తుపడుతుంది, వాటి మీద గీతలు, మరకలు పడనివ్వకండి. మధ్యలో కొద్దిగా మాసినా మామూలుగా చదవగలదు. అతికించే ముందు వేరేవాళ్ల ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. మీ ఫోన్‌లో మీ ఖాతా ఉంటుంది కాబట్టి అది ఎలాగూ తెరుచుకుంటుంది, దాంతో పరీక్షించి లాభం లేదు.

కొండ ఊళ్లలో సిగ్నల్ అందని చోట కోడ్‌తో పని జరగదు. తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజున ఫైలునే బ్లూటూత్‌లో వాళ్ల ఫోన్లకు పంపండి. నెట్ లేకపోయినా వినబడుతుంది.

మీ బడిలో మిగతావాళ్ల సంగతి కూడా చూడాలి. “ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేం నేర్చుకుంటానమ్మా” అనే సీనియర్ టీచర్ దాదాపు ప్రతి బడిలో ఉంటారు. ఆవిడకు యాప్ గురించి చెప్పకండి. “మేడమ్, ఆ పద్యం మీరు చదివినట్టు మేము చదవలేం, మా పిల్లల కోసం ఒకసారి చదివి పెట్టండి” అని అడగండి. ఇది మెప్పు కోసం అనే మాట కాదు. ఏళ్లతరబడి చెప్పిన గొంతులో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తి పలకాలో ఉంటుంది. మొదటిసారి బటన్లు మీరు నొక్కండి, ఆవిడ చదవనివ్వండి. రెండోసారి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి మీరు పక్కన కూర్చోండి. మధ్యలో ఫోన్ లాక్కుని “ఇలా కాదు మేడమ్” అని చేసి చూపించవద్దు. అక్కడితో ఆవిడ మానేస్తారు. ఇదంతా బడి వదిలాక స్టాఫ్ రూములో జరగాలి. చాలామందికి అసలు టెన్షన్ పిల్లల ముందు తప్పు నొక్కుతామేమోనని. ఆ పరిస్థితి రాకుండా చూస్తే సగం పని అయినట్టే. పైనుంచి సర్క్యులర్ వస్తే సంతకం పెడతారు గానీ నేర్చుకోరు. పక్క కుర్చీలోని మనిషి ఓపిగ్గా కూర్చుంటే నేర్చుకుంటారు.

ఈ వారం అభ్యాసం: ఒక పేజీ, ఒక కోడ్. దాన్ని ముగ్గురు పిల్లల పుస్తకాల్లో అతికించి పంపండి. మర్నాడు “విన్నారా” అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఆ పేజీ పైకి చదివించండి, తేడా తెలుస్తుంది. ఇంకా తడబడుతుంటే వేగం తగ్గించి మళ్లీ రికార్డు చేయండి. లింకు మారితే కొత్త కోడ్ అతికించాలి, పాతది తీసేయడం మరవద్దు.

వచ్చే పాఠంలో పిల్లల చేతిలో ఫోన్ లేకుండా, ప్లిక్కర్స్ అనే కాగితం కార్డులతో తరగతి మొత్తం జవాబులను మీ ఒక్క ఫోన్‌తో చూడటం నేర్చుకుందాం. ప్రింటు కోసం కాస్త మందపాటి కాగితం తెచ్చి ఉంచండి.